మోటారు కారు హీటరు: తాపమాంద్యము

మోటారు కారులో ఇంజను వేడిని గ్రహించి, దానితో లోపలి గాలిని వెచ్చజేసి, కూర్చున్నవారికి చలిబాధ తొలగించుటకును, ముందరి అద్దముపై పట్టిన ఆవిరిపొరను ఆర్చుటకును అమర్చిన సాధనమునకు హీటరని పేరు. మీటను పూర్తిగా వేడివైపునకు త్రిప్పినను వెలువడు గాలి గోరువెచ్చదనమును మించకుండుట దాని తాపమాంద్యము. అగ్నిమాంద్యమని విన్నంతనే వైద్యుడు నాడిని చూచి, నాలుకను చూచి, రోగి త్రాగు నీటిని, తిను తిండిని విచారించునట్లు, హీటరు చల్లబడెనని విన్నంతనే మెకానిక్కు మొదట చూడవలసినది హీటరును గాదు. ఇంజనులో తిరుగు నీటిని, ఆ నీటి పుట్టుకను, దానిని అదుపుచేయు థర్మోస్టాటును.

ఉత్తరమున కావలి మొదలు దక్షిణమున పులికాటు సరస్సు వరకు సాగిన నెల్లూరు తీరమున పుష్యమాసపు తెల్లవారుజామున సైతము ఉష్ణమానము సాధారణముగ 20 డిగ్రీల సెంటిగ్రేడుకు అటునిటుగ నుండును. అట్టిచోట హీటరును గూర్చి వ్రాయుట యేల యని పాఠకులు శంకింపవచ్చును. ఇచ్చటి కారులలో ననేకము కొన్ననాటి నుండి పాతబడువరకు ఎఱ్ఱగీతవైపు మీట త్రిప్పబడకయే కాలము గడపుచున్న మాట నిజమే. అయినను ఆ మీట వెనుక నున్న యంత్రభాగము చాలా కారులలో, మనము వాడినను వాడకున్నను, రేడియేటరులో ప్రవహించు నీటినే త్రాగుచుండును. తీరమందలి ఉప్పునీరు మొట్టమొదట పాడుచేయునదియు దానినే. ఆ సంగతి బండి కొండయెక్కిన నాడో, తుఫాను వానలో అద్దము మసకబారిన నాడో తప్ప బయటపడదు. తీరమున అంకురించి చలిసీమలో ఫలించు వ్యాధి యిది. కావుననే దీనిని నెల్లూరు నుండి చూచుట యుక్తము.

ఇంజనులో దహనమైన ఇంధనపు శక్తిలో మూడవవంతో, అంతకు తక్కువయో చక్రములను త్రిప్పుటకు వినియోగపడగా, రమారమి మరియొక మూడవవంతు పొగగొట్టము గుండ వెడలిపోవును. తక్కినదానిలో అధికభాగము ఇంజను గోడలను కాచును. ఆ గోడలలో తొలిచిన కాలువల వెంట పంపు త్రిప్పు నీరు ఆ వేడిని కొనిపోయి ముందున్న రేడియేటరులో బయటిగాలికి విడుచును. ఇట్లు పారవేయుటకే నిర్ణయింపబడిన వేడిలో ఒక చిన్నపాలును దారిమళ్లించి మనుష్యోపయోగమునకు తెచ్చుటయే హీటరు పని. డ్యాష్‌బోర్డు లోపల, కంటికి కానరానిచోట, పుస్తకమంత పరిమాణము గల చిన్న రేడియేటరొకటి యుండును. దీనిని హీటరు కోర్ అందురు. ఇంజనుకును కూర్చుండు భాగమునకును నడిమి రేకుగోడను దూరి రెండు రబ్బరు హోసులు దానిని చేరును. ఒకటి వేడినీటిని తెచ్చును, రెండవది తిరిగి పంపునకు కొనిపోవును. బ్లోయరు ఫ్యాను విసరు గాలి ఈ కోర్ రేకుల నడుమ దూరి వెచ్చబడి లోపలికి వచ్చును. ఎంత గాలి కోర్ గుండ పోవలెను, ఎంత ప్రక్కగా పోవలెను అను సంగతిని ఒక రెక్క నిర్ణయించును. మనము త్రిప్పు మీట ఈ రెక్కను తీగతోనో, చిన్న మోటారుతోనో కదల్చును. కొన్ని పాత బండ్లలో రెక్కకు మారుగ, లేక రెక్కతోబాటు, నీటిని ఆపు కవాటముండును.

ఈ వ్యవస్థకు ద్వారపాలకుడు థర్మోస్టాటు. ఇందులో మైనపు గుళిక యొకటి కలదు. నీరు సుమారు 82 నుండి 88 డిగ్రీల వేడిని అందుకొనగనే మైనము కరగి ఉబ్బి, కవాటమును త్రోసి, రేడియేటరునకు దారి విడుచును. చల్లబడినంతనే స్ప్రింగు దానిని మూయును. హీటరునకు పోవు దారి మాత్రము పెక్కు కారులలో ఈ ద్వారమునకు లోపలివైపుననే యుండుటచే, రేడియేటరు మూసియున్నను హీటరునకు వేడినీరు అందుచుండును. ఈ ఒక్క విషయము చక్కగా గ్రహించినవారికి దోషనిర్ణయము సగము పూర్తియైనట్లే. మైనపు థర్మోస్టాటును 1934లో సెర్జియస్ వెర్నే అను అమెరికా దేశీయుడు కనిపెట్టెను.

హీటరు చరిత్ర చిన్నది. రైలుపెట్టెలను వెచ్చజేయు సాధనమునకు షికాగోకు చెందిన మార్గరెట్ విల్కాక్స్ అను స్త్రీ 1893లో పేటెంటు పొందినది. తొలినాటి మోటారులు పైకప్పు లేనివి గనుక ప్రయాణికులు కంబళ్లను, కాచిన ఇటుకలను ఆశ్రయించిరి. పిదప పొగగొట్టపు వేడిని లోనికి మళ్లించు పద్ధతులు వచ్చినవి గాని వానితో విషవాయువు ప్రవేశించు భయముండెను. బయటి మంచిగాలిని వేడినీటి కోర్ గుండ లోనికి తీసికొను పద్ధతిని నాష్ కంపెనీ 1938లో ప్రవేశపెట్టెను. నేటి ఇంజను కారుల హీటరులన్నియు స్థూలముగ దాని సంతతియే. నీరే లేని ఫోక్స్‌వ్యాగన్ బీటిలు మాత్రము తన కడవరకు పొగగొట్టపు వేడిచేతనే చలికాచుకొనినది.

ఇక నీటి సంగతి. ఇది నెల్లూరు తీరమున అన్నిటికంటె ముఖ్యము. ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, ఇందుకూరుపేట, విడవలూరు ప్రాంతములలో సముద్రమునకు దాపున త్రవ్విన బోరుల నీరు పలుచోట్ల నోటబెట్టరానంత చవుడుగ నుండుట అక్కడివారందరెఱిగినదే. రొయ్యలచెరువులు వ్యాపించిన పిమ్మట ఈ చవుడు మరింత లోపలి పొలములకు ప్రాకినదని రైతులు మొఱపెట్టుకొనుచున్నారు. కుండలో ఈ నీటిని కాచిన ఇల్లాలికి అడుగున తెల్లని గార పేరుకొనుట నిత్యానుభవము. అదే నీటిని, మండుటెండలో ఇంజను హీటెక్కినదని, రోడ్డుప్రక్క బోరింగు నుండి డబ్బాతో పట్టి రేడియేటరులో పోయువారు కుండలో కట్టిన గార ఇంజనులోను కట్టునని తలపోయరు. కాల్షియము, మెగ్నీషియము లవణములు వేడి తగిలినంతనే నీటిని విడిచి గోడల కంటుకొనును. క్లోరైడు అల్యూమినియమును కొఱికి సన్నని గుంతలు పెట్టును. ఇనుము త్రుప్పు రాల్చును. ఈ మూడును కలిసిన బురద, ప్రవాహము ఎచ్చట మందగించునో, నాళము ఎచ్చట సన్నబడునో అచ్చట దిగును. హీటరు కోర్ నాళములు సన్ననివి, ప్రవాహము స్వల్పము, కవాటము గల బండ్లలోనైతే ఏండ్లతరబడి నీరు కదలక నిలిచియుండును. అందుచే రేడియేటరు ఇంకను బాగుగనే యున్నట్లు తోచుచుండగనే కోర్ పూడిపోవును.

పసుపు వాడుక దీనికి తోడు. రేడియేటరు కారినచో గుప్పెడు పసుపు వేసి కారుటను ఆపుట లారీలవారు తరతరములుగ ఎఱిగిన చిట్కా. నడిరోడ్డున, నడిరేయి, సహాయము దొరకని వేళ అది బండిని ఊరు చేర్చిన మాట కాదనరాదు. ఆ చిట్కాను కనుగొనినవాని సూక్ష్మబుద్ధిని నేను మెచ్చుకొందును. కాని చిల్లిని పూడ్చిన పసుపు చిల్లియొద్దనే ఆగదు. ఊరు చేరిన మరునాడు చిల్లికి మాటు వేయించి, నీటినంతను మార్చి కడిగింపనిచో, ఆ పసుపే ముద్దయై హీటరు నాళములలో పేరుకొనును. విప్పి చూచిన కోర్ నుండి పసుపుపచ్చని రొంపి జారుట చూచినవారికి వేరు సాక్ష్యమక్కరలేదు. అంగళ్లలో అమ్ము లీకుమాన్పు పొడులకును ఇదే మాట వర్తించును.

కూలెంటు అనబడు ద్రవము ఎందుకో మన ప్రాంతమున చాలమందికి బోధపడలేదు. అది మంచుదేశములవారికి నీరు గడ్డకట్టకుండుటకే గదా, మనకేల యని అందురు. నిజమునకు ఇథిలీన్ గ్లైకాల్, నీరు సమభాగములుగ కలిపిన మిశ్రమము సున్నకు దిగువ 37 డిగ్రీల వరకు గడ్డకట్టకుండుట దాని గుణములలో ఒకటి మాత్రమే. సుమారు 108 డిగ్రీల వరకు మరుగకుండుట రెండవది. రేడియేటరు మూత నిలుపు ఒత్తిడిచే ఆ హద్దు ఇంకను పైకిపోవును. త్రుప్పును, గారను నివారించు రసాయనములు అందుండుట మూడవది, ఉప్పుగాలి వీచు తీరవాసులకు అన్నిటికన్న విలువైనది. ఈ రసాయనములు కాలక్రమమున క్షీణించును గనుక కంపెనీ పుస్తకములో చెప్పిన గడువునకు కూలెంటును మార్పింపవలయును.

తీరమందలి రెండవ దురాచారము థర్మోస్టాటును తీసివేయుట. ఎండకాలమున బండి హీటెక్కినదని షెడ్డునకు తెచ్చినపుడు, గార పట్టిన రేడియేటరును కడుగుటకు పూటంతయు పట్టును. ఆ చిన్న కవాటమును ఊడదీయుటకు అరగంట చాలును. “తీసేసినా అన్నా, ఇంక బండి హీటెక్కదు” అను మాట వినని కారు యజమాని యుండడు. అది చెడిన థర్మోస్టాటైనచో తాత్కాలికముగ మేలు కనబడును. మంచిదైనచో మూలకారణమట్లే యుండి చిహ్నము మాత్రము మాఱును. కొన్ని ఇంజనులలో థర్మోస్టాటు రేడియేటరు దారి తెరచునప్పుడే ప్రక్కదారిని మూయును. అట్టిదానిని తీసివేసినచో ప్రక్కదారి తెరచియే యుండి, కొంత నీరు రేడియేటరు ముఖమే చూడక తిరుగుచు, ఇంజనును ఇంకను కాచును. మఱియు హైవేపై ఇంజను తన సహజోష్ణమును అందుకొనక చల్లగ నడచుటచే, కంప్యూటరు గల బండి ఇంకను చలిలోనే యున్నానని భ్రమించి పెట్రోలెక్కువ పోయును. నూనెలో చెమ్మ నిలుచును. నెల్లూరులో నివసించువానికి ఇవియేవియు కంటబడవు. లంబసింగికి పోయిననాడు బయటపడును.

లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, చింతపల్లి దాపున, సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల ఎత్తున నున్నది. మార్గశిర పుష్యములలో ఉష్ణమానము కొన్నియేండ్లు సున్న డిగ్రీల సమీపమునకు దిగును. మంచు చూచుటకు కోస్తావాసులు కుటుంబములతో కార్లెక్కి పోవుచుందురు. థర్మోస్టాటు లేని బండి ఘాటు ఎక్కునంతసేపు, ఇంజను శ్రమపడుచుండుటచే, హీటరు ఒకరీతిగ వెచ్చనిగాలి నిచ్చును. తెల్లవారుజామున దిగునపుడు గేరులో బండి తనంతట జారుచుండ, ఇంజను వేడిపుట్టింపదు. రేడియేటరు మాత్రము మంచుగాలికి ఎదురై ఉన్న వేడిని ఊడ్చివేయును. వెనుకసీటులో పసిపిల్లలకు శాలువలు కప్పవలసివచ్చును. మదనపల్లె దాపున సుమారు 1260 మీటర్ల ఎత్తుననున్న హార్సిలీ కొండల రోడ్డునను ఇదే యనుభవము. ఎక్కునపుడు వెచ్చన, దిగునపుడు చల్లన అగుచు, డ్యాష్‌బోర్డులోని ఉష్ణమాపకపు ముల్లు సగమునకు చేరనిచో, హీటరును విప్పనక్కరలేదు. థర్మోస్టాటు లేదు, లేక తెరచుకొని బిగిసిపోయినది.

దోషమును వెదకువిధమున ఇట్టి క్రమమే మేలు. మొదట ముల్లు. ముల్లు తన స్థానమున నిలిచియు గాలి చల్లగనున్నచో, రాత్రంతయు నిలిచి చల్లారిన బండికి ఉదయమున నీటిమట్టము చూడవలెను. వేడిగా నున్నపుడు రేడియేటరు మూత నెన్నడును తీయరాదు. ఒత్తిడి విడివడగనే మరుగునీరు ముఖముపై చిమ్మును, చేతులు బొబ్బలెక్కును. మట్టము తగ్గియున్నచో పైభాగముననుండు హీటరు కోర్‌లో గాలి నిలిచి, నీరు అందదు. బండి పరుగున వెచ్చన, ఆగినపుడు చల్లన అగుటయు, డ్యాష్‌బోర్డు వెనుక గలగల నీళ్లచప్పుడు వినబడుటయు దీని గుర్తులు. దీనినే షెడ్డులలో ఎయిర్ పట్టుట యందురు. బండి ముందుభాగము ఎత్తుగ నుండునట్లు నిలిపి, చల్లగనుండగ మూత తీసి, హీటరు మీటను వేడివైపునుంచి, ఇంజనును నడపుచు బుడగలు వెలువడువరకు నింపుట సాధారణోపాయము. బుడగలు విడుచుటకు ప్రత్యేకపు మరలుండు కారులకు దాని పద్ధతినే అనుసరింపవలయును. ఎంత నింపినను బుడగలు ఆగక, మట్టము దినదినము తగ్గుచు, పొగగొట్టమున తెల్లనిపొగ వచ్చుచున్నచో, అది ఇంజను దిమ్మెకును దాని తలకును నడుమనుండు హెడ్ గాస్కెట్ చెడుటకు సూచన. అట్టి బండిని ఇక నడపరాదు.

పిదప హోసులు. నేనెఱిగిన పరీక్షలలో ఇంత చవుకైనది, ఇంత నమ్మదగినది మరియొకటి లేదు. ఇంజను బాగుగ వేడెక్కిన తరువాత ఆపి, ఫ్యానునకు, బెల్టునకు దూరముగ చేయి చాపి, నడిమి రేకుగోడయొద్ద రెండు హోసులను గుడ్డ అడ్డముంచి తాకి చూడవలెను. రెండును కాలుచున్నచో నీటిదోషము కాదు. లోపల రెక్క కదలుట లేదు, తీగ జారినది, లేక రెక్కను త్రిప్పు మోటారు పోయినది. ఒకటి కాలుచు రెండవది చల్లగనున్నచో కోర్ పూడినది, లేక కవాటము మూసుకొనియున్నది. రెండును గోరువెచ్చగ మాత్రమే యున్నచో థర్మోస్టాటువైపు, కాకున్న నీటిపంపువైపు, తిరుగవలెను. చెడిన పంపు రెక్కలు అరిగిపోయి, చూచుటకు తిరుగుచున్నట్లే యుండి నీటిని త్రోయని సందర్భములు కలవు.

గాలియే బలహీనమైనచో సంగతి వేరు. బ్లోయరు అన్ని వేగములలో తిరుగక కడపటి వేగమున మాత్రమే తిరుగుట, దాని వేగమును తగ్గించు రెసిస్టరు కాలిపోయినదనుటకు గుర్తు. చాల కారులలో గ్లవుబాక్సు వెనుకనుండు క్యాబిన్ ఫిల్టరును ఏండ్లతరబడి తీసి చూడనివారున్నారు; ఊక, ధూళి, వేపాకులు, ఒక్కొక్కప్పుడు ఎలుక పేర్చిన దూదియు అందు దొరకును.

పూడిన కోర్‌ను కడుగునపుడు నీటిని రాకవైపునుండి గాక పోకవైపునుండి మెల్లగ పంపవలయును. అపుడు పేరుకొనిన బురద వచ్చినదారినే వెనుకకు కదలును. కంప్రెసరు గాలితో బలముగ ఊదినచో పాతబడిన అల్యూమినియపు కోర్ పగులును. పగిలిన కోర్‌ను మార్చుటకు డ్యాష్‌బోర్డంతయు ఊడదీయవలసి వచ్చును, దాని కూలి కోర్ వెలనే మించును. కాళ్లయొద్ద చాప తడిసియుండుటయు, లోపల తియ్యని వాసనయు, అద్దముపై తుడిచినను పోని జిడ్డుపొరయు పగిలిన కోర్‌కు సాక్ష్యములు. పారబోసిన కూలెంటు తియ్యగనుండును, విషము. కుక్కలు, పశువులు త్రాగి చచ్చును. దానిని పంటకాలువలోనో, రోడ్డుప్రక్క గుంటలోనో వదలుట పాపము.

నెల్లూరువానికి హీటరు స్వంత ఊరిలోనే అక్కరకు వచ్చు సమయమొకటి కలదు. ఇచ్చట వర్షములో అధికభాగము అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనములతోను, తుఫానులతోను కురియును. 1984 నవంబరులో శ్రీహరికోటయొద్ద తీరము దాటిన తుఫాను, 2015 నవంబరునాటి వరదలు, 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపమున తీరము దాటుటకు ముందు ఈ తీరము వెంబడి సాగిన మిచౌంగ్ తుఫాను ఇందుకు తార్కాణములు. అట్టి వానలో 16వ నంబరు జాతీయ రహదారిపై నలుగురెక్కిన కారులో, తడిసిన బట్టల నుండి, ఊపిరి నుండి పుట్టిన చెమ్మ వాననీటిచే చల్లబడిన అద్దమునకు లోపలివైపున పొరగా అంటుకొనును. ఎదుట లారీ ఎఱ్ఱదీపము గూడ కానరాదు. డ్రైవరు ఒకచేత స్టీరింగును, మరొకచేత తువాలును పట్టి తుడుచుచు పోవును. తుడిచిన మరునిమిషమే పొర తిరిగి పట్టును. అపుడు చేయదగినది ఏసీని, హీటరును కలిపి వాడుట. ఏసీ గాలిలోని చెమ్మను నీరుగ మార్చి క్రింద కార్చివేయును. హీటరు ఆ పొడిగాలిని వెచ్చజేయును. వెచ్చని పొడిగాలి అద్దముపై తేమను క్షణములలో త్రాగివేయును. బయటి గాలిని లోనికి రానిచ్చు మీటను తెరచియుంచవలెను. వేసవి చివరి ఉక్క రాత్రులలోనైతే దీనికి విపర్యయము: ఏసీ చల్లదనమునకు అద్దము చల్లబడి, సముద్రపు చెమ్మ వెలుపలివైపున పట్టును, అప్పుడు వైపరు వేసి, చల్లదనము తగ్గించినచో చాలును. పొర లోపలనా వెలుపలనా యని వ్రేలితో రుద్ది చూచి తెలిసికొనుట మొదటిపని.

అమెరికా, కెనడాలకు పోయిన తెలుగువారికి ఈ విషయమంతయు మొదటి శీతకాలముననే కంఠస్థమగును. షికాగో, మినియాపోలిస్, టొరాంటోలలో సున్నకు దిగువ 20 డిగ్రీల చలి వింతగాదు. ఇంటిదగ్గరి అలవాటుచొప్పున తగ్గిన కూలెంటునకు వట్టినీరు పోయుచు వచ్చినచో, అది గడ్డకట్టి, సుమారు నూటికి తొమ్మిది పాళ్లు ఉబ్బి, ఇంజను దిమ్మెనే చీల్చగలదు. మంచులో కూరుకొనిన బండిలో హీటరుకొఱకు ఇంజను నడపుచు నిదురించుట మరింత ప్రమాదము: పొగగొట్టము మంచుతో మూసుకొనినచో వాసనలేని కార్బన్ మోనాక్సైడు లోనికి వచ్చి ప్రాణములు తీయును. పొగగొట్టము చుట్టుగల మంచును తొలగించి, అద్దమొకటి కొంచెము దింపి యుంచుట అచ్చటివారు పాటించు జాగ్రత్త. విద్యుత్ కారులలో ఇంజనువేడి లేనందున విద్యుత్తుతోనే గాలిని వెచ్చజేయవలసివచ్చి, చలిలో బ్యాటరీదూరము తగ్గును; కొన్నిటిలో బయటిగాలి వేడినే లోనికి తెచ్చు హీటు పంపును అమర్చి ఈ నష్టమును తగ్గించుచున్నారు.

తీరగ్రామముల పాఠకులకు నా మనవి యొక్కటే. బ్యాటరీలకు పోయు డిస్టిల్డు వాటరు డబ్బానొకదానిని బండిలో ఎల్లప్పుడు ఉంచుకొనుడు. కూలెంటు తగ్గినపుడు అందుండి పోయుడు, బోరింగు నుండి వలదు. ప్రతి సంవత్సరము అక్టోబరు వానలు మొదలగుటకు ముందు ఒకనాటి ఉదయమున, ఎంత ఉక్కగనున్నను సరియే, పది నిమిషములు హీటరు మీటను వేడివైపునకు త్రిప్పి చేయి అడ్డముంచి చూడుడు. ఆ గాలి చేతికి కాలవలెను.